గీజరును మార్చవలసిన దెప్పుడు?

మన ఇండ్లలో వేడినీటికి గల స్థానము సామాన్యమైనది కాదు. పసిబిడ్డకు పోయు నీళ్ళు మొదలుకొని బాలింత స్నానము, పండుగనాటి తలంటు, పెద్దవారి కీళ్ళనొప్పులకు కాపడము వరకు అన్నిటికిని కాచిన నీళ్ళే కావలెను. ఆ నీళ్ళు కాచు పని తరతరములుగా స్త్రీలదే. పెరటిలో మూడు రాళ్ళ పొయ్యిమీద కాగు నెక్కించి, కొబ్బరిమట్టలు, పిడకలు ఎగదోయుచు, పొగకు కన్నులు తుడుచుకొనుచు తెల్లవారకముందే కూర్చున్నవారు మన అమ్మమ్మలు. తరువాత రాగి బాయిలరు వచ్చినది. నడుమ గొట్టములో నిప్పులు, చుట్టును నీళ్ళు. ఇప్పుడు మనకు గీజరు వచ్చినది. మీట నొక్కినచో చాలును. అరగంటలో నీళ్ళు సిద్ధము. పొగ లేదు, బూడిద లేదు. ఇంత సుఖము కలిగించు వస్తువును గూర్చి మనము తెలిసికొన్నది మాత్రము మిక్కిలి స్వల్పము.

ఆ కాలపు స్త్రీలకు తమ పాత్రల సంగతి క్షుణ్ణముగా తెలిసియుండెడిది. కాగును వ్రేళ్ళతో కొట్టి, ఆ చప్పుడును బట్టియే అడుగు సన్నగిల్లినదో లేదో చెప్పగలిగెడివారు. లోపల తెల్లని ఉప్పుపొర పేరుకొన్నచో చింతపండు పట్టించి తోమెడివారు. చిల్లి పడినచో మాటు వేయించెడివారు. మాటుమీద మాటు పడి, ఇక లాభము లేదని తోచినప్పుడు ఆ పాత్రను పాతసామానువానికి తూచి యిచ్చి క్రొత్తదానిని తెచ్చుకొనెడివారు. మరమ్మతు ఎంతవరకు, మార్పు ఎప్పుడు అను వివేకము వారి చేతివ్రేళ్ళలో నుండెడిది.

గీజరు కూడ ఒక పాత్రయే. కాని అది స్నానపు గదిలో పైకప్పు క్రింద తెల్లని డబ్బాలో దాగియుండును. దానిని తోముట లేదు, కొట్టి చూచుట లేదు. కంటికి కనబడని పాత్ర కావున మనము దానిని మరచిపోవుదుము. అది మాత్రము తన ముసలితనమును పలువిధముల మనకు చెప్పుచునే యుండును. ఆ మాటలను వినిపించుకొనక మేము పడిన భయమును ముందుగా చెప్పి, తరువాత నేను నేర్చుకొన్న సంగతులను సోదరీమణులకు మనవి చేసెదను.

మా యింట జరిగిన సంగతి

మా యిల్లు హైదరాబాదు శివారులో నున్నది. అక్కడ మాకు బోరునీరే ఆధారము. 2012వ సంవత్సరములో 25 లీటర్ల గీజరు నొకదానిని కొని బిగించితిమి. పదునొకండేండ్లు అది చెప్పినట్లు పనిచేసినది. 2023వ సంవత్సరము చలికాలములో దాని నడవడి మారినది. నీళ్ళు కాగునప్పుడు లోపలినుండి చిటపట చప్పుడు వచ్చుచుండెను. ప్రొద్దుట మొదటి చెంబెడు నీళ్ళు ఎఱ్ఱగా వచ్చుచుండెను. నలుగురి స్నానమునకు చాలెడి నీళ్ళు ఇద్దరికే సరిపోవుచుండెను. ప్రతిదానికిని మావద్ద ఒక సమాధానము సిద్ధముగా నుండెను. చప్పుడు చలివలన, ఎఱుపు బోరువలన, కొఱత పిల్లలు ఎక్కువ వాడుటవలన అని సరిపెట్టుకొంటిమి.

ఒకనాడు మా అత్తగారు స్నానముచేసి వచ్చి, "అమ్మాయీ, ఆ కుళాయి ముట్టుకుంటే చురుక్కుమంటోందే. నీళ్ళు కరుస్తున్నాయి" అనిరి. నేను వెళ్ళి ముట్టి చూచితిని. నాకేమియు తెలియలేదు. ఆమెకు చేతుల తిమ్మిరి యున్నది. అదియే కాబోలునని చెప్పి ఊరకుంటిని. నేను పొడిచేతితో, కాళ్ళకు చెప్పులతో ముట్టితిని. ఆమె తడి ఒంటితో, వట్టికాళ్ళతో, తడి నేలమీద నిలిచి ముట్టిరి. ఈ భేదము నాకప్పుడు తట్టలేదు. డెబ్బదియెనిమిదేండ్ల పెద్దమనిషి చెప్పిన మాటను అంత తేలికగా తీసివేసినందుకు నేటికిని నా మనస్సు చివుక్కుమనును.

మరునాడు గీజరు మీట వేయగానే ఇంటిలోని దీపములన్నియు ఆరిపోయినవి. మీటరు పలకలోని లీకేజీ స్విచ్చి పడిపోయినది. పైకెత్తినను మరల పడుచుండెను. పిలిపించిన మరమ్మతువాడు గీజరు వంక చూడనైన చూడక, "ఈ స్విచ్చితోనే మీకు తంటా అమ్మా. దీన్ని తీసేసి డైరెక్టు ఇచ్చేస్తాను, ఇక పడదు" అనెను. మావారికి ఆఫీసు వేళ మించిపోవుచుండెను, సరే యనబోయిరి. అప్పుడు నాకు అత్తగారి మాట జ్ఞాపకము వచ్చినది. నిన్న ఆమెకు చురుక్కుమన్నది, నేడు స్విచ్చి పడినది. రెండింటికిని కారణ మొకటే ఏల కారాదు? "ఆ స్విచ్చి ముట్టుకోవద్దు. ముందు గీజరు విప్పి చూపించండి" అంటిని. తనకు వేళ లేదని అతడు వెళ్ళిపోయెను.

సాయంత్రము అనుభవశాలియగు మఱియొక పనివాడు వచ్చి విప్పెను. ఎలిమెంటుమీద వ్రేలిమందమున సున్నపు పొర పేరుకొనియుండెను. దాని క్రింద లోహపు తొడుగు చీలియుండెను. తుప్పును నివారించుటకై పెట్టిన కడ్డీ కరగిపోయి, నడుమనున్న ఇనుపతీగ మాత్రము మిగిలియుండెను. ట్యాంకు అడుగున తుప్పు పొరలు లేచియుండెను. సాకెట్టులోని ఎర్తు తీగ ఎప్పుడో ఊడిపోయి వేలాడుచుండెను. "ఆ స్విచ్చి లేకపోతే ఈ ఇంట్లో ఏం జరిగి ఉండేదో" అని అతడు పలికినప్పుడు మా అత్తగారు నా మొగము వంక చూచిరి, ఏమియు ననలేదు. నాకదియే చాలినది.

డబ్బాలో నున్న దేమి?

గీజరను పేరు ఐస్లాండు దేశమునుండి వచ్చినది. అచ్చట నేలలోనుండి కాగు నీరు పైకి చిమ్ము ప్రసిద్ధమైన బుగ్గ యొకటి కలదు. దాని పేరు గెయ్‌సిర్. 1868వ సంవత్సరములో లండనునందు బెంజమిన్ మాగన్ అను నతడు గ్యాసుతో నీళ్ళు కాచు యంత్రమును కల్పించి దానికి ఆ బుగ్గ పేరు పెట్టెను. 1889లో అమెరికాయందు ఎడ్విన్ రూడ్ అను నార్వేదేశీయుడగు ఇంజనీరు నీటిని నిలువచేసి తనంతట తానే కాచు యంత్రమును తయారుచేసెను. నేడు మన గోడలమీద వ్రేలాడునవి ఆ సంతతివే.

దాని నిర్మాణము కష్టమైనది కాదు. నీళ్ళు నిలుచు ట్యాంకు ఒకటి. అది సాధారణముగా ఉక్కుది. లోపల గాజువంటి పూత యుండును. నీళ్ళను కాచు ఎలిమెంటు ఒకటి. ఇది లోహపు గొట్టము. దాని నడుమ విద్యుత్తు ప్రవహించు తీగచుట్ట, ఆ తీగకును గొట్టమునకును మధ్య వేడిని పోనిచ్చి విద్యుత్తును పోనీయని తెల్లని పొడి దట్టించియుందురు. తగిన వేడి కాగానే విద్యుత్తు నాపునది థర్మోస్టాటు. అది చెడినచో రక్షించుటకు కటౌటు. లోపలి ఒత్తిడి మితిమీరినచో నీటిని బయటికి వదలునది సేఫ్టీ వాల్వు. ఇవిగాక ట్యాంకులో యానోడు అను నొక కడ్డీ వ్రేలాడుచుండును. ఈ కడ్డీ మాట మనలో చాలమందికి తెలియనే తెలియదు. గీజరు ఆయువు మాత్రము దానిమీదనే ఆధారపడియున్నది.

రెండు లోహములు నీటిలో కలిసియున్నప్పుడు వానిలో నొకటి తాను ముందుగా తినబడి రెండవదానిని కాపాడును. ఈ ధర్మమును 1824లో ఇంగ్లండునందు హంఫ్రీ డేవీ అను శాస్త్రవేత్త ఓడల విషయమున ప్రయోగించి చూపెను. ఓడల అడుగున కొట్టిన రాగి రేకులను ఉప్పునీరు తినివేయుచుండగా, ఆయన వానికి ఇనుము, జింకు ముక్కలను తగిలించెను. ఆ ముక్కలు క్షయించినవి, రాగి నిలిచినది. గీజరులోని కడ్డీ మెగ్నీషియముతో చేసినది. గాజుపూతలో సన్నని పగుళ్ళున్నచోట నీరు ఉక్కును ముట్టును. ఆ ఉక్కునకు బదులు ఈ కడ్డీ తాను కరగుచుండును. కడ్డీ అయిపోయిన నాటినుండి నీరు ట్యాంకును తినుట మొదలుపెట్టును. కావున రెండేండ్లకొక పర్యాయము, బోరునీరు వాడువారు ఏటేటను, ఈ కడ్డీని తీయించి చూడవలెను. సన్నబడినచో క్రొత్తది వేయింపవలెను. ఇంత చేసిన ఇండ్లలో ట్యాంకు చిరకాలము మన్నును.

రెండవ శత్రువు సున్నపు పొర. బోరునీటిలో సున్నపు లవణములు కరగి కంటికి కనబడక యుండును. వేడి తగులగానే అవి విడిపోయి, సుద్దవంటి గట్టి పొరయై ఎలిమెంటుమీదను ట్యాంకు అడుగునను పేరుకొనును. నీరెంత ఎక్కువగా కాగిన పొర అంత త్వరగా పెరుగును. త్రాగునీటి కఠినత లీటరునకు 200 మిల్లీగ్రాములకు మించకుండుట మేలనియు, వేఱు ఆధారము లేనిచో 600 వరకు ఒప్పుకొనవచ్చుననియు భారతీయ ప్రమాణములు చెప్పుచున్నవి. పొంగు రాని సబ్బు, గిన్నెలమీద తెల్లని మరకలు, అట్టకట్టు తలవెండ్రుకలు — ఇవి కఠినజలమునకు గుర్తులు. అట్టి నీరుగల యింట గీజరునుగూర్చి రెట్టింపు జాగ్రత్త కావలెను.

పొర పట్టినచో విద్యుత్తు వృథా యగునని పలువు రందురు. పొయ్యిమీది పాత్రకు అది నిజము. అడుగున పొర యున్నచో మంట వేడి ప్రక్కలకు పోవును. గీజరులో ఎలిమెంటు నీటిలోనే మునిగియున్నది. దాని వేడి ఆలస్యముగానైన నీటికే చేరవలెను. కావున ఇచట నష్టము వేఱు. వేడి బయటికి పోలేక ఎలిమెంటులోనే నిలిచి దానిని మాడ్చును. తొడుగు చీలును. చీలికలోనుండి నీరు ప్రవేశించి విద్యుత్తుగల తీగను ముట్టును. మా అత్తగారిని కఱచినది అదియే.

వినవలసిన అయిదు మాటలు

మొదటిది నీటి రంగు. వేడినీళ్ళు ఎఱ్ఱగా వచ్చినచో వెంటనే గీజరును నిందింపరాదు. రెండు తెల్లని గిన్నెలు తీసికొని, ప్రొద్దుటనే ఒకదానిలో చన్నీళ్ళ కుళాయినుండియు, రెండవదానిలో వేడినీళ్ళ కుళాయినుండియు నీరు పట్టుడు. రెండును ఎఱ్ఱగా నున్నచో దోషము గొట్టములదో బోరుదో యగును. వేడినీరు మాత్రమే ఎఱ్ఱగా నున్నచో కడ్డీ అయిపోయి ట్యాంకు తుప్పుపట్టుచున్నదని అనుమానింపవలెను.

రెండవది చప్పుడు. కాగునప్పుడు చిటపటయని గాని, గులకరాళ్ళు దొర్లినట్లు గాని వినబడినచో పొర పేరుకొన్నదన్నమాట. పొర క్రింద చిక్కిన నీరు ఆవిరియై పగులుచుండగా వచ్చు చప్పుడది. ఈ చప్పుడు వినబడగానే శుభ్రము చేయించినచో ఎలిమెంటు దక్కవచ్చును. పనివారు నిమ్మ ఉప్పు కలిపిన నీటితో పొరను కరిగించి తీయుదురు.

మూడవది కాచు కాలము. దీనికి లెక్క యున్నది. 25 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 60 డిగ్రీల వరకు కాచుటకు సుమారు ఒక యూనిటు విద్యుత్తు కావలెను. 2000 వాట్ల ఎలిమెంటు ఆ పనిని సుమారు అరగంటలో చేయును. నీరు 18 డిగ్రీల చలిలో నుండెనేని మఱి యాఱేడు నిమిషములు పట్టును. వోల్టేజి 230 ఉండవలసినచోట 200 మాత్రమే యున్నచో ఎలిమెంటు బలము ముప్పాతిక వంతునకు తగ్గి, అరగంట పని నలుబది నిమిషములు సాగును. ఇవి గీజరు తప్పులు కావు. ఇవి యేమియు లేకుండ పది నిమిషములకే దీపము ఆరి నీళ్ళు గోరువెచ్చగా నున్నచో, థర్మోస్టాటు చెడినదో, పొరవలన మోసపోవుచున్నదో యగును. దీపము ఎంతకును ఆరక నీళ్ళు చల్లగానే యున్నచో ఎలిమెంటు పోయినది. దీపము ఆరక నీళ్ళు సలసల కాగుచు కుళాయినుండి ఆవిరి వచ్చుచున్నచో మాత్రము ఆ క్షణముననే మెయిను మీట తీసివేసి, పనివాడు వచ్చువరకు దానిజోలికి పోరాదు.

నాల్గవది నీటిచుక్క. ఇందు వివేచన ముఖ్యము. నీరు కాగినప్పుడు వ్యాకోచించును. 25 లీటర్లు 60 డిగ్రీలు చేరుసరికి సుమారు మూడువందల యేబది మిల్లీలీటర్లు, అనగా ఒక పెద్ద గ్లాసెడు నీరు అధికమగును. ఆ అధికమైన నీరు సేఫ్టీ వాల్వునుండి చుక్కచుక్కగా కారుట సహజము. ఈ చుక్క చిరాకు కలిగించుచున్నదని వాల్వునకు బిరడా బిగించువారు కలరు. అంతకంటె ప్రమాదము వేఱొకటి లేదు. నీరు ఆవిరియైనచో సుమారు 1600 రెట్లు పెరుగును. థర్మోస్టాటు చెడి, వాల్వు మూసికొనిపోయిన గీజరు గోడమీది బాంబు వంటిది. కాచునప్పుడు గాక ఎల్లవేళల కారుచున్నచో చూపింపవలెను. గొట్టముల బిగింపులవద్ద కారినచో బిగించిన సరిపోవును. అడుగుమూత అంచునుండి కారినచో రబ్బరు గాస్కెట్టు మార్చవలసియుండవచ్చును. డబ్బా లోపలినుండి, అతుకు లేనిచోటనుండి, తుప్పునీరు కారుచున్నచో ట్యాంకునకు చిల్లి పడినది.

అయిదవది చురుకు. కుళాయినిగాని, నీటినిగాని, షవరునుగాని ముట్టినప్పుడు ఏ కొంచెము చురుక్కుమన్నను, జలదరించినను, అది భ్రమ యనుకొనరాదు. మరల ముట్టి పరీక్షింపనురాదు. మీట కట్టివేసి, ఎలక్ట్రీషియను వచ్చి చూచువరకు ఆ గదిలో స్నానము మానవలెను. లీకేజీ స్విచ్చి పదేపదే పడుట కూడ ఈ మాటయే. ఆ స్విచ్చి లోపలికి పోయిన విద్యుత్తును, తిరిగి వచ్చిన విద్యుత్తును ఎల్లప్పుడు తూచుచుండును. రెండింటికి భేదము 30 మిల్లీఆంపియర్లు దాటకమున్నే పడిపోవునట్లు చేయబడినది. భేదము కలిగినదన్న ఆ విద్యుత్తు మఱియొక దారిని, బహుశః మన శరీరముగుండ, భూమిలోనికి పోవుచున్నదన్నమాట. కావలికుక్క అరచుచున్నదని దానిని ఊరు వెళ్ళగొట్టువారు లేరు కదా!

మరమ్మతు చాలునా? మార్చవలెనా?

ఎలిమెంటు, థర్మోస్టాటు, కటౌటు, వాల్వు, గాస్కెట్టు, యానోడు కడ్డీ — ఈ ఆరును మార్చదగిన భాగములు. వీనిలో ఒకటి చెడినంత మాత్రమున గీజరును పారవేయనక్కరలేదు. "పాతదయిపోయిందమ్మా, కొత్తది కొనండి" అని ప్రతిదానికిని చెప్పు పనివాని మాట నమ్మరాదు. చెడిన భాగమును విప్పి చూపుమని అడుగుడు. చూపుటకు వెనుదీయువానిని పంపివేయుడు.

ట్యాంకు మాత్రము మార్చదగిన భాగము కాదు. అది చిల్లిపడినచో గీజరు పని తీరినది. వెల్డింగు చేయింతుమని కొందరందురు. ఆ వేడికి లోపలి గాజుపూత పగిలి, నేడు ఒకచోట కారినది రేపు నాలుగుచోట్ల కారును. కాగునకు మాటు వేసినట్లు దీనికి వేయుట కుదరదు.

ఈ రెండింటికి నడుమనున్న సందర్భములే ఆలోచింపదగినవి. వేడినీళ్ళు నిలువచేయు గీజరు సామాన్యముగా ఎనిమిదినుండి పండ్రెండేండ్లు మన్నును. కఠినజలమున ఇంకను తక్కువ. నాలుగేండ్ల గీజరునకు ఎలిమెంటు పోయినచో మరమ్మతే ఉచితము. పదేండ్ల గీజరునకు ఎలిమెంటు పోయి, నీళ్ళు కూడ ఎఱ్ఱబడినచో, ఆ మరమ్మతు మునుగు పడవకు రంగు వేయించుటయే. నేను పెట్టుకొన్న నియమ మిది: గీజరునకు ఎనిమిదేండ్లు దాటి, మరమ్మతు ఖర్చు క్రొత్తదాని వెలలో సగమునకు మించినచో మార్చుట మేలు. ఏడాదిలో రెండుమార్లు మరమ్మతు చేయించియు మూడవమారు చెడినచో, వెల లెక్క చూడక మార్చవలెను. ట్యాంకు కారినను, బయటి డబ్బా ఉబ్బినను, వయస్సుతో నిమిత్తము లేదు, వెంటనే మార్చవలెను.

వయస్సు తెలియుటెట్లు? డబ్బాపై అంటించిన చీటీలో తయారైన నెల, సంవత్సరము వ్రాసియుండును. ఆవిరికి ఆ అక్షరములు మాయక ముందే ఇంటి జమాఖర్చుల పుస్తకములో ఎక్కించుకొనుడు. కొన్న తేది, కడ్డీ మార్చిన తేది, శుభ్రము చేయించిన తేది అచ్చటనే వరుసగా వ్రాసినచో, గీజరు జాతకము మన చేతిలో నుండును. కొన్ననాటి రసీదును దానికే గ్రుచ్చి యుంచుడు. ట్యాంకునకు వేఱుగా, ఎలిమెంటునకు వేఱుగా హామీ యిచ్చుట ఆచారము. గడువులోపల చెడినచో ఆ కాగితమే సాక్ష్యము.

గ్యాసు గీజరున్నవారికి ప్రత్యేకముగా

గ్యాసు గీజరులో విద్యుత్తు భయము తక్కువ. వేఱొక భయము గొప్పది. మంటకు గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది మన నెత్తురులోని హిమోగ్లోబినును ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా బలముగా పట్టుకొనును. స్నానము చేయుచున్న మనిషికి మొదట తలనొప్పి, కన్నులు తిరుగుట. తరువాత కేక వేయుటకైన శక్తి యుండదు. మన దేశమున చలికాలములలో తలుపులు బిగించుకొన్న స్నానపు గదులలో ఇట్టి మరణములు పలుమారులు సంభవించినవి. కావున గ్యాసు గీజరును స్నానపు గదిలో ఎన్నడును పెట్టరాదు. వెలుపల, గాలి తగులుచోట పెట్టవలెను. మంట నీలముగా గాక పసుపుపచ్చగా నున్నను, పైభాగమున మసి కట్టినను, అది ఆ రోజే ఆపి చూపింపవలసిన గుర్తు. శుభ్రము చేయించిన పిదపను మంట మారనిచో, ఎన్నేండ్లదని చూడక మార్చివేయవలెను.

క్రొత్తది కొనునపుడు

ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పక యుండవలెను. నీళ్ళు నిలువచేయు విద్యుత్ గీజర్లకు వర్తించు ప్రమాణము ఐ.ఎస్. 2082. నక్షత్రముల చీటీలో నక్షత్రము లెక్కువైనకొలది ఊరక నిలిచియున్న నీటివేడి తక్కువగా పోవును. పరిమాణము కుటుంబమునుబట్టి యెంచుకొనవలెను. బకెట్టుతో స్నానముచేయు ఇద్దరు ముగ్గురకు 15 లీటర్లు చాలును. నలుగు రైదుగురకు 25 లీటర్లు. అంతస్తుల భవనములలో నివసించువారు ఒత్తిడి సంఖ్యను అడుగవలెను. పైట్యాంకు మన గీజరుకంటె ప్రతి 10 మీటర్ల ఎత్తుననున్నప్పుడు చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలో చొప్పున ఒత్తిడి పెరుగును. అనగా పై అంతస్తులవారికంటె క్రింది అంతస్తులవారికే ఒత్తిడి యెక్కువ. ఎత్తైన భవనములలో 8 కిలోల ఒత్తిడికి తాళునట్టిది కొనుట మంచిది. మేడపై ఎండ బాగుగా తగులు సొంతయిల్లు గలవారు సౌరశక్తితో కాచు యంత్రమును గూర్చి కూడ విచారింపవచ్చును.

క్రొత్త గీజరును పాత తీగలకు తగిలింపరాదు. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్ల విద్యుత్తును లాగును. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, ప్రత్యేకమైన తీగ, సరియైన ఎర్తు ఉండవలెను. బిగించిననాడే ఎర్తును పరీక్షించి చూపుమని పట్టుబట్టుడు. లీకేజీ స్విచ్చికి పరీక్షకై ఒక చిన్న బొత్తాము ఉండును. నెలకొకమారు నొక్కినచో స్విచ్చి పడవలెను. పడనిచో దానిని మార్పింపుడు. వేడిని 55, 60 డిగ్రీలకు మించనీయకుడు. 60 డిగ్రీల నీరు పెద్దవారి చర్మమునైనను అయిదారు క్షణములలో కాల్చగలదు. పసివారి సంగతి చెప్పనక్కరలేదు. చన్నీళ్ళు ముందు పట్టి, తరువాత వేడినీళ్ళు కలుపు మన పెద్దల ఆచారమే ఇందుకు మందు. నీళ్ళు కాగిన పిదప మీట కట్టివేసి స్నానమునకు వెళ్ళుట అన్ని గీజర్లకును మంచి అలవాటు; పాతవానికి మఱియు మంచిది.

మేము 2024వ సంవత్సరము సంక్రాంతికి ముందు క్రొత్త గీజరును బిగించితిమి. ఎర్తు తీగ సరిచేయించి, సాకెట్టు మార్పించితిమి. భోగినాడు తలంటుకొని వచ్చిన మా అత్తగారిని, తల తుడుచుచు, "కుళాయి ఎట్లా ఉందండీ?" అని అడిగితిని. "ఇప్పుడు కరవడంలేదు" అని ఆమె నవ్విరి. నా మనసులోని బరువు కొంత దిగినది.

సోదరీమణులారా! ఇంటిలో నీళ్ళకు ముందుగా చేయి తగులునది మనకే. నీటి రంగు మారినను, చప్పుడు మారినను, చురుక్కుమన్నను, మొదట తెలియునది మనకును, మన యింటి పెద్దలకును, పనిమనిషికిని. ఆ తెలిసిన మాటను ఎవరు చెప్పినను తేలికగా తీయకుడు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న లాభము లేదు. నేడే తీరిక చేసికొని, రెండు తెల్లని గిన్నెలలో నీళ్ళు పట్టి చూడుడు. గడియారము పెట్టి కాచు కాలము లెక్కింపుడు. చీటీమీది సంవత్సరము చదివి పుస్తకములో వ్రాసికొనుడు. పావుగంట పని యది. దానివలన మీ గీజరునకు ఇంక నెన్నాళ్ళ ఆయువున్నదో తెలియును.